పట్టిసం కడిగిన చోటు: వీరభద్ర నాట్యంలో అనుకరణ, వ్రతం, హద్దులు

వ్యాససంగ్రహం

దక్షయజ్ఞ కథకు గోదావరి మండలంలో రెండు స్థలాలున్నాయి. ఒకటి యజ్ఞం జరిగిందని చెప్పే ద్రాక్షారామం. రెండవది వీరభద్రుడు ఆయుధాన్ని కడిగాడని చెప్పే పట్టిసం. ఈ ప్రాంతపు వీరభద్ర సంబరాలలో దేవతాచరిత్రను ఆడి చూపడం, దేహాన్ని అర్పించడం, పూనకం అనే మూడు వేర్వేరు వ్యాపారాలు కలగలిసి ఉంటాయి. మూడింటినీ కలిపి 'జానపద నృత్యం' అని లెక్కించడం వల్ల ఆ సంప్రదాయానికి ఉన్న సొంత హద్దులు కనుమరుగవుతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భాగవతం, నాట్యశాస్త్రం, పండితారాధ్య చరిత్రల ఆధారంగా ఆ హద్దులను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పట్టిసం, వీరభద్రుడు, వీరనాట్యం, సంబరం, నారసం, అనుకరణ, పూనకం, దక్షయజ్ఞం

1. కథ నిలిచిన స్థలాలు

పోలవరానికి దిగువన, గోదావరి నడుమ, దేవకూటమనే చిన్న కొండ మీద వీరేశ్వరస్వామి ఆలయం ఉంది. ఊరి పేరు పట్టిసీమ. పాత వాడుకలో పట్టిసం. పట్టిసమంటే ఒక ఆయుధం. దక్షుని శిరస్సును ఖండించిన వీరభద్రుడు ఆ ఆయుధాన్ని ఇక్కడి గోదావరి నీటిలో కడిగాడని స్థలపురాణం చెబుతుంది. యజ్ఞం జరిగిన చోటుగా ప్రసిద్ధి పొందినది డెల్టాలోని ద్రాక్షారామం. దాని మహిమను శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో విస్తరించి చెప్పాడు. పోలవరం అనగానే ఆనకట్ట, పట్టిసీమ అనగానే 2015 నాటి ఎత్తిపోతల పథకం స్ఫురించే కాలంలో, ఈ పేర్ల వెనుక ఒక పురాణకథ భూమి మీద పరచుకొని ఉందన్న సంగతి పరిశోధకులకు సైతం ఆలస్యంగానే గుర్తుకు వస్తుంది.

ఈ పటంలో ఒక విశేషం గమనించదగినది. పట్టిసానికి ఆయుధం పేరే వచ్చింది గాని, ఆ పేరు స్మరించేది సంహారాన్ని కాదు, సంహారం తరువాతి పనిని. శిరస్సు తెగిన చోటు వేరు, కత్తి కడిగిన చోటు వేరు. రెంటికీ నడుమ నది ఉంది. మహాశివరాత్రికి పట్టిసం చేరే భక్తులు నదిని దాటి, నదిలో మునిగి, కొండ ఎక్కుతారు. ఉగ్రదేవత ఉన్న ఈ శైవక్షేత్రానికి క్షేత్రపాలకుడు భావనారాయణస్వామి, అంటే విష్ణువు. దక్షయజ్ఞ కథకున్న పురాణ రూపాలలో కొన్నింట విష్ణువు వీరభద్రునితో తలపడతాడు. అటువంటి కథకు సంబంధించిన కొండ మీద ఆ విష్ణువే కాపలా ఉండడాన్ని ఒక సంధిగా చదవవచ్చు. స్థలమే కథకు ముగింపు పలికినట్లుంది.

స్థలపురాణానికీ భాగవతానికీ ఇక్కడ ఒక భేదం ఉంది. చతుర్థస్కంధంలో దక్షుని మెడ మీద ఆయుధాలు పనిచేయవు. చర్మమైనా తెగదు. వీరభద్రుడు ఆశ్చర్యపడి, ఆలోచించి, యజ్ఞంలో పశువును వధించే పద్ధతిని చూసి, ఆ పద్ధతిలోనే దక్షుని తలను మొండెం నుంచి వేరు చేస్తాడు. ఆ తలను దక్షిణాగ్నిలో వేస్తాడు. యజ్ఞధ్వంసం కూడా యజ్ఞవిధిలోనే సాగింది, యజమానుడే పశువైనాడు. పట్టిసం కథ మాత్రం ఆయుధానికే పని అప్పగించింది. ఆయుధం లేకపోతే కడగడం లేదు. కడగడం లేకపోతే ఈ క్షేత్రమే లేదు. ఈ మార్పును గ్రంథకథకు కలిగిన వికృతిగా చూడడం కంటే, స్థానికులు తమకు కావలసిన ఘట్టాన్ని ఎంచుకొన్న తీరుగా చూడడం సమంజసం.

నాట్యశాస్త్రం నాలుగవ అధ్యాయం ఈ సందర్భంలోనే చదవదగింది. దక్షయజ్ఞం ధ్వంసమైన తరువాత, సంధ్యావేళ, మహేశ్వరుడు లయతాళాలకు అనుగుణంగా అంగహారాలతో నర్తించాడని భరతుడు చెబుతాడు. ఆ నృత్తంలో ఏర్పడిన పిండీబంధాలకు నంది మొదలైన గణాలు పేర్లు పెడతాయి. నందికి చెందిన పిండి పేరు పట్టసి. గణేశ్వరులకు చెందిన పిండి పేరు దక్షయజ్ఞవిమర్దిని. ఈ పేర్లను బట్టి గోదావరిలోని పట్టిసీమకూ భరతుని గ్రంథానికీ చారిత్రక సంబంధం కల్పించడం తొందరపాటు. ఆలోచనలోని సామ్యం మాత్రం స్పష్టంగానే ఉంది. అక్కడ ఆయుధం నృత్త విన్యాసంగా మారింది. ఇక్కడ ఆయుధం తీర్థంగా మారింది. రెండు చోట్లా నృత్తానికి, తీర్థానికి సమయం సంహారం ముగిసిన తరువాతనే.

2. ఎవరిని ఆడాలి?

దేవుని పాత్రను మనిషి ఆడవచ్చునా అన్న ప్రశ్నకు భాగవతం ఒకే రాసలీలా ఘట్టంలో రెండు సమాధానాలు చెప్పింది. కృష్ణుడు కనబడకుండా పోయినప్పుడు గోపికలు అతని లీలలను అనుకరిస్తారు. ఒకతె పూతన అవుతుంది, మరొకతె కృష్ణుడై పాలు తాగుతుంది. ఇంకొకతె తన పైటచెంగును పైకెత్తి గోవర్ధనగిరిని మోస్తుంది. వ్యాసుడు ఈ అనుకరణను ఎక్కడా తప్పుపట్టలేదు. అది విరహంలో పుట్టింది, వెదుకులాటలో భాగం. అడుగుజాడలు కనబడగానే ఆట ఆగిపోతుంది, వెదకడం మళ్లీ మొదలవుతుంది.

కొన్ని అధ్యాయాల తరువాత పరీక్షిత్తు సందేహం అడుగుతాడు. ధర్మసంస్థాపనకు అవతరించినవాడు పరస్త్రీలతో ఎలా క్రీడించాడు? శుకుని సమాధానంలోని ముఖ్యాంశం, ఈశ్వరుడు కానివాడు ఆ పనిని మనసులోనైనా చేయరాదన్నది. అతడిచ్చిన ఉపమానం శివునిది: రుద్రుడు కానివాడు సముద్రంలో పుట్టిన విషాన్ని తాగితే నశిస్తాడు. ఆడి చూపడానికి అనుమతి ఉంది. అదే పనిని తన జీవితంలో చేయడానికి లేదు. హద్దు ఆడే వస్తువులో లేదు, ఆడేవాడు తానెవరనుకొంటున్నాడన్న దానిలో ఉంది. తన పైట కొండ కాదని గోపికకు తెలుసు.

తెలుగు సంప్రదాయం ఈ హద్దును మరో విధంగా కూడా పాటించింది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర పర్వతప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసమూహపు వర్ణన ఉంది. నాటకాలు ఆడేవారు, బహురూపాలు కట్టేవారు, గడల మీద ఆడేవారు, తెర మరుగున బొమ్మలాడించేవారు అందులో కనిపిస్తారు. అక్కడ నాటకాలుగా ఆడినవి ప్రమథుల చరిత్రలు, పురాతన భక్తుల చరిత్రలు. శివుని సన్నిధిలో శివుని పరివారాన్ని ఆడారు. కూచిపూడి భామాకలాపంలోనూ కలాపమంతా సత్యభామది. కృష్ణుడు వచ్చేది చివరన, కొద్దిసేపు. ఆ గ్రామంలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న నియమం సిద్ధేంద్రయోగి పేరుతో ప్రచారంలో ఉంది. కట్టవలసినది కృష్ణ వేషం కాదన్న విషయంపై విమర్శకుల దృష్టి తగినంతగా పడలేదు.

వీరభద్రుడు ఈ వరుసలోనివాడే. అతడు శివుడు కాడు. శివుని జట నుంచి పుట్టిన సేవకుడు. భాగవతంలో అతడు పుట్టిన వెంటనే చేతులు జోడించి, ఏమి చేయమంటావని అడుగుతాడు. తన భటులకు నాయకుడవై దక్షుని, అతని యజ్ఞాన్ని నాశనం చేయమని ఆజ్ఞ వస్తుంది. పోతన పేర ప్రసిద్ధమైన వీరభద్ర విజయం ఈ పాత్రకు ఒక కావ్యాన్నే కేటాయించింది. ఎంత ఉగ్రమైనా ఆ పాత్రకు మూలం ఆజ్ఞాపాలనమే. కాబట్టి వీరనాట్యం ఆడేవాడు అనుకరిస్తున్నది ఒక దేవుని స్వేచ్ఛను కాదు, ఒక సేవకుని విధేయతను. పాత్రకు నిర్దిష్టమైన పని ఉంది, ఆ పనికి ముగింపు ఉంది. వీరనాట్యాన్ని 'రౌద్రం' అన్న ఒక్క మాటతో వివరించే వ్యాసాలలో తరచు జారిపోయే అంశం ఇదే. దక్షయజ్ఞ కథలో రౌద్రం శివునిది. వీరభద్రునిది ఆ రౌద్రం మోసే భారం.

3. రంగం మీద నెత్తురు

వీరనాట్యాన్ని ప్రధానంగా మూడు దశలుగా వర్ణించడం పరిపాటి. మొదటి దశలో కర్పూరం వెలిగించిన పళ్లేన్ని చేత పట్టుకొని, మంట ఆరేవరకు వీరణాల మోతకు తగినట్లు నర్తిస్తారు. దీన్ని వీరభద్ర పళ్లెం అంటారు. రెండవ దశలో శివుని ధ్వజస్తంభానికి ప్రతీకగా, విభూతి రేఖలు దిద్ది కొనకు గంటలు కట్టిన పొడవాటి గడను ఎత్తి ఆడతారు. మూడవది నారసాలు వేసుకోవడం. నాలుకకు, చేతులకు, చీలమండలకు శూలాలు, శలాకలు గుచ్చుకొంటారు. నడుమ నడుమ ఖడ్గం పట్టి దండకాలు చదవడం, శరభ శరభ అన్న కేక, శంఖధ్వని ఉంటాయి. గోదావరి జిల్లాలతో పాటు రాయలసీమలోనూ తెలంగాణలోనూ వీరముష్టి మొదలైన శైవ సముదాయాలు దీన్ని నిలిపాయి. కొన్ని కుటుంబాలలో పెళ్లి వంటి శుభకార్యాలకు ముందు వీరభద్రుని సంబరం జరపడం ఆచారం.

మూడు దశలూ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి కాబట్టి ఒకే ప్రదర్శనలోని మెట్లుగా కనిపిస్తాయి. పరిశీలిస్తే మొదటి రెండింటికీ మూడవదానికీ స్వభావంలోనే తేడా ఉంది. పళ్లెంలోని మంట దక్షుని హోమాగ్నికి గుర్తు కావచ్చు, శివుని మూడవకంటికి గుర్తు కావచ్చు. గడ ధ్వజస్తంభానికి గుర్తు. ఆ రెండింటిలోనూ ఒక వస్తువు మరొకదానికి బదులు నిలుస్తుంది. అది నాట్యధర్మి. నారసం దేనికీ బదులు నిలవదు. గుచ్చుకున్నది నిజమైన ఇనుము, గుచ్చబడినది నిజమైన నాలుక. దక్షయజ్ఞ కథలో వీరభద్రుడు తన దేహాన్ని గాయపరచుకోడు. ఇతరుల దేహాలను గాయపరుస్తాడు. కథను అనుసరించి చూస్తే నారసానికి అందులో చోటే లేదు. కాబట్టి నారసం అనుకరణ కాదు, వ్రతం. మొక్కుకొన్నవాడు తన దేహంతో తీర్చుకొనే రుణం.

రంగస్థలం మీద ఆయుధ ప్రయోగాన్ని గురించి భరతుని నియమం నిర్ద్వంద్వమైనది. చారీవిధానంలో న్యాయాలను వివరిస్తూ, రంగం మీద ఛేదించడం, భేదించడం, రక్తం కార్చడం కూడదని, ప్రహారాన్ని సంజ్ఞామాత్రంగా చూపాలని చెప్పాడు. దశరూపక లక్షణంలో యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి వంటివాటిని ప్రత్యక్షంగా కాక ప్రవేశకాల ద్వారా సూచించాలన్నాడు. ఇది సున్నితత్వం కోసం పెట్టిన నియమం మాత్రమే అనుకోవడం పొరపాటు. నిజమైన రక్తం కనబడిన క్షణంలో ప్రేక్షకుడు పాత్రను మరచి నటుని చూస్తాడు. వీరభద్రుడు మాయమై, నొప్పి పడుతున్న ఒక మనిషి మిగులుతాడు. నాట్యం అనుకరణ కాదని వాదించిన అభినవగుప్తుడు, ఇతరుల చేష్టలను అనుకరించడం వల్ల హాసం పుడుతుందన్న భరతుని మాటను గుర్తు చేస్తాడు. దేవతావేషానికి ఉన్న ప్రమాదాలలో అది ఒకటి. నారసపు ప్రమాదం దానికి భిన్నమైనది. అక్కడ ప్రేక్షకునిలో పుట్టేది హాసమూ కాదు, రౌద్రమూ కాదు, గగుర్పాటు. అది రసం స్థాయికి చేరదు.

ఈ నియమాన్ని చూపించి నారసాన్ని నిషేధించాలని వాదించేవారు ఒక మెట్టు తప్పుతున్నారు. భరతుని నియమం రంగానికి వర్తిస్తుంది. నదీతీరంలో, ఇంటి ముంగిట, మొక్కు తీర్చుకొంటున్నవాడు రంగం మీద లేడు; అతనికి ప్రేక్షకుడు వీరభద్రుడొక్కడే. అక్కడ వర్తించవలసిన ప్రశ్నలు వేరు: మొక్కిన మనిషి యుక్తవయస్కుడా, ఇష్టపూర్వకంగా చేస్తున్నాడా, గుచ్చే శలాక శుభ్రమైనదేనా. పెద్దల మొక్కును పిల్లవాడి నాలుక మీద తీర్చడం వ్రతం అనిపించుకోదు, ఎందుకంటే వ్రతానికి కర్త కావాలి. మరోవైపు, అదే నారసాన్ని సాంస్కృతికోత్సవ వేదిక మీద, దీపకాంతుల నడుమ, కార్యక్రమ పట్టికలో ఒక అంశంగా చూపించడం రెండు ధర్మాలకూ విరుద్ధం. వేదిక ఎక్కినందున భరతుని నియమం తగులుతుంది. మొక్కు లేనందున వ్రతం కాదు. 'ప్రామాణికత' పేరుతో నారసం చూపమని కళాకారులను కోరే నిర్వాహకులు, ఒక పేదవాని దేహాన్ని చూపి ఉత్సుకత రేపుతున్నారే తప్ప సంప్రదాయాన్ని కాపాడడం లేదు. పళ్లెం, గడ, దండకం, వీరణం చాలవనుకొనే వేదిక వీరనాట్యాన్ని అడగడం లేదు.

4. పూనకానికి కాపు

అనుకరణ, వ్రతం కాక మూడవదైన పూనకం ఈ సంప్రదాయంలో అన్నింటికంటె లోతైనది. దానిపై వచ్చిన పరిశోధన తక్కువ. రాజమహేంద్రవరంలో వీరభద్రారాధనను పరిశీలించిన డేవిడ్ నైప్ వ్యాసం 1989లో ఆల్ఫ్ హిల్టెబెయిటెల్ సంపాదకత్వంలో వెలువడిన సంపుటంలో ఉంది. దాని శీర్షికను 'పెరుగుతున్న మృతుల రాత్రి' అని తెలుగు చేసుకోవచ్చు. చిన్న వయసులో చనిపోయిన పిల్లలు ఆయా కుటుంబాలకు వీరభద్రులవుతారని, మరణించిన తరువాత కూడా వారు పెరుగుతూనే ఉంటారని, ఇంటివారిలో ఒకరి మీదికి వచ్చి మాట్లాడతారని అక్కడి వారి విశ్వాసం. విభూతిపండు రూపంలో ఆ బిడ్డ పూజలందుకొంటాడు. శివరాత్రికి గోదావరికి సాగే ఊరేగింపులో ఆ కుటుంబాలు నడుస్తాయి.

ఒడలు మరచి ఊగుతున్న తల్లి వీరభద్రుని 'పాత్ర' ధరించలేదు. ఆమె మీద వాలినవాడు పురాణంలోని దక్షసంహారి అయినంతగానే, ఏడాది నిండకుండా పోయిన ఆమె కొడుకు కూడా. ఆమె అడుగులను నృత్యవిన్యాసంగా, కేకను వాచికంగా నమోదు చేసే పరిశోధనా పత్రం ఏమి చూసిందో, ఏమి చూడలేదో ఆలోచించుకోవాలి. 'జానపద నృత్యం' అన్న శీర్షిక కింద వీరనాట్యపు అడుగుల పక్కనే ఈ తల్లి అడుగులనూ చేర్చడం వర్గీకరణ దోషం మాత్రమే కాదు. ఆమె దుఃఖం ప్రదర్శన కాదు కాబట్టి దానికి ప్రేక్షకులుండరు. ఉన్నవారు బంధువులు, సాక్షులు. చరవాణి కెమెరాలు ఆ వలయంలోకి ప్రవేశించిన తరువాత సాక్షి ఎవరు, ప్రేక్షకుడు ఎవరు అన్నది నిర్ణయించడం కష్టమైంది. క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధక విద్యార్థి కెమెరా కూడా ఇందుకు మినహాయింపు కాదు.

పూనకానికి సంప్రదాయంలో హద్దు లేదనుకోవడం సరికాదు. ఇక్కడ తంజావూరు జిల్లాలోని మెలట్టూరు ఉదాహరణ ఉపకరిస్తుంది. నృసింహజయంతికి అక్కడి భాగవతమేళం మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకం ప్రహ్లాదచరిత్రను ఆడుతుంది. నరసింహ ముఖం ఏడాది పొడుగునా పూజలందుకొనే వస్తువు. దాన్ని ధరించేవాడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. ముఖం ధరించిన తరువాత ఆవేశం కలుగుతుందని నమ్మకం. అందుచేత హిరణ్యకశిపుని మీదికి ఉరికే నరసింహుని తోటివారు పట్టుకొని ఆపుతారు. వధ పూర్తిగా అభినయించబడదు. ఉపవాసం, ముఖానికి పూజ, పట్టుకొనే చేతులు, చివర హారతి అన్నవి ఆవేశానికి చుట్టూ కట్టిన గట్లు. భరతుడు శాస్త్రంగా చెప్పిన నియమాన్నే అక్కడ నలుగురు మనుషులు తమ చేతులతో పాటిస్తున్నారు. వీరభద్ర సంబరాలలో పూనినవారి పక్కన నిలిచి, వారిని పడిపోకుండా పట్టుకొని, విభూతి పెట్టి, శాంతించే వరకు కనిపెట్టుకొని ఉండే ఇంటివారి పని కూడా ఇదే. వారి పేర్లు ఏ కళారూపాల జాబితాలోనూ ఉండవు. వీరనాట్యం పరిశోధనలో డప్పువానికి, నర్తకునికి ఇచ్చిన స్థానంలో సగమైనా ఈ పట్టుకొనే మనిషికి ఇవ్వవలసి ఉంది.

5. చట్టం గీసిన గీత

లోపలి హద్దులను గుర్తించకుండా బయటి నుంచి గీత గీస్తే ఏమవుతుందో గోదావరి డెల్టాకు ఒక అనుభవం ఉంది. 1947 నాటి మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం బాలికలను దేవునికి అంకితం చేయడాన్ని నిషేధించింది. అది అవసరమైన పని. ఆ ఆచారం వల్ల ఆడపిల్లలు అనుభవించిన బాధలు వాస్తవం. సంస్కరణోద్యమానికి ఆ వర్గపు స్త్రీలే గొంతునిచ్చారు. ఆ చట్టం అంతటితో ఆగక ఆలయ ప్రాంగణంలోనూ, దేవుని ఊరేగింపులోనూ స్త్రీ నర్తించడాన్ని కూడా, కుంభహారతి ఉన్నా లేకున్నా, చట్టవిరుద్ధమని ప్రకటించింది. అంకితం చేసే ఆచారం, నర్తించే విద్య రెండూ ఒకే గీత కింద పడ్డాయి. బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయ సంప్రదాయంతో ముడిపడిన సరిదె మాణిక్యమ్మ వంటి విదుషీమణుల అభినయం గుడి గడప దాటి ఇంటి గదిలో జ్ఞాపకంగా మిగిలింది. ఆ తరువాత స్వప్నసుందరి కృషితో అందులో కొంత విలాసినీనాట్యంగా వేదిక ఎక్కింది. గోదావరి తీరపు కలావంతుల స్త్రీలు తమ ఇళ్లలో ఈ విద్యను ఎలా నిలుపుకొన్నారో 2012లో వచ్చిన దవేష్ సోనేజీ గ్రంథం వివరంగా చర్చించింది.

అదే కాలంలో, అదే నదీతీరంలో, నాలుకకు నారసం గుచ్చుకొనే పురుషుని భక్తి ఏ చట్టం దృష్టికీ అభ్యంతరకరంగా కనబడలేదు. కుంభహారతి పట్టిన స్త్రీ చేయి నేరమైంది. రక్తం కారే పురుషుని దేహం ఆచారమైంది. హద్దు గురించి జరిగే చర్చ ఎప్పుడూ భక్తినృత్యపు స్వభావాన్ని బట్టే సాగుతుందనుకోవడం అమాయకత్వం. ఎవరి దేహం నర్తిస్తున్నదన్న దాన్ని బట్టి కూడా అది సాగింది. వీరనాట్యానికి కొత్తగా నియమాలు చేయదలచినవారు మొదట ఈ చరిత్రను చదవాలి.

6. మేకతల, కన్నీరు

చతుర్థస్కంధంలో దక్షుని తల తెగే ఘట్టం కొద్ది శ్లోకాలలో ముగుస్తుంది. ఆ తరువాతి కథ అంతకంటె ఎంతో పెద్దది. దేవతలు బ్రహ్మను ఆశ్రయిస్తారు. బ్రహ్మ వారిని కైలాసానికి తీసుకువెళ్లి శివుని ప్రార్థిస్తాడు. శివుడు ఒక్కొక్కరి గాయానికి ఒక్కొక్క ఏర్పాటు చేస్తాడు. కళ్లు పోయిన భగుడు మిత్రుని కంటితో చూస్తాడు. పళ్లు రాలిన పూషుడు యజమానుని పళ్లతో తింటాడు. గడ్డం ఊడిన భృగువుకు మేకగడ్డం వస్తుంది. దక్షునికి మేకతల అతుకుతుంది. ఈ ఏర్పాట్లలో ఒక విలక్షణత ఉంది. పోయినది పోయినట్లుగా తిరిగి రాదు. దానికి బదులు మరొకటి వస్తుంది, కాస్త వింతగా, ఎప్పటికీ గాయాన్ని గుర్తు చేసేటట్లు. ఆ తరువాతనే ఆగిన యజ్ఞం పూర్తవుతుంది.

ప్రభుత్వ ఉత్సవాలలోనూ ఊరేగింపులలోనూ వీరనాట్యానికి సాధారణంగా దొరికేది కొద్ది నిమిషాల వ్యవధి. ఆ వ్యవధిలో నిలిచేది ఖడ్గం, మంట, కేక. పునరుజ్జీవన ఘట్టానికి సమయం చాలదు. చప్పట్లు ఖడ్గం పైకెత్తినప్పుడే మోగుతాయి కాబట్టి అక్కడితో ఆపడమే లాభసాటి. విమర్శకుని దృష్టిలో ఇది నారసం కంటే పెద్ద లోపం. నారసం వేదికకు రాకూడనిది వచ్చిన దోషం. ఇది రావలసినది రాకపోయిన దోషం. ఆజ్ఞ తీసుకొని బయలుదేరిన సేవకుడు పని ముగించి తిరిగి వెళ్లకపోతే అతడు వీరభద్రుడు కాడు, వట్టి ఉన్మాదం. కథ తెలిసిన గోదావరి గ్రామాలలో సంబరం నదీస్నానంతోనూ విభూతితోనూ శాంతిస్తుంది గనుక, ఆడి చూపని భాగాన్ని ఆచారం పూరిస్తుంది. వేదిక మీద ఆ ఆచారం లేదు. కనుక వేదికకు తెచ్చేవారు మేకతల ఘట్టాన్ని నృత్యంలోనే కూర్చుకోవలసి ఉంటుంది. పళ్లెంలోని కర్పూరం ఆరిపోవడమన్న మొదటి దశలోని చిన్న సూచననే విస్తరించి, చివరకు తెచ్చి, ఖడ్గాన్ని నీటితో కడిగే అభినయంగా మలచవచ్చు. పట్టిసం స్థలపురాణం ఆ అభినయానికి కావలసిన కథను ఎప్పుడో సిద్ధం చేసి ఉంచింది. వీరణపు జతులలో దిగువ లయకు జారే గతులు ఏమున్నాయో, సంబరాల దండకాలలో దక్షుడు తిరిగి బ్రతికే భాగం ఎంత నిలిచి ఉందో, పెద్ద గురువులు ఉండగానే సేకరించడం తెలుగు విశ్వవిద్యాలయాల జానపద శాఖలకు తగిన పని.

భాగవతంలో ఆ ఘట్టం మధ్యన ఒక చిన్న సంగతి ఉంది. ప్రదర్శనకారులే కాదు, వ్యాఖ్యానించేవారు కూడా దాని దగ్గర ఎక్కువసేపు ఆగరు. మేకతలతో లేచిన దక్షుడు ఎదుట శివుని చూసి స్తుతించబోతాడు. మాట రాదు. ఈ యుద్ధానికంతటికీ కారణమైన కూతురు, తన అవమానం భరించలేక తన కళ్ల ముందే దేహం విడిచిన సతి, అప్పుడు గుర్తుకు వస్తుంది. గొంతు పూడుకుపోయి, కళ్లు నిండి, కాసేపు ఏమీ అనలేకపోతాడు. శివరాత్రికి గోదావరి ఒడ్డున, విభూతిపండు ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లి ఈ కథలో ఎక్కడ ఉందని వెదికితే, ఖడ్గం పక్కన కనబడదు. ఇక్కడ, మాట పెగలని ఈ తండ్రి పక్కన కనబడుతుంది.